బోటులో మంచినీళ్ల పంపు మొరాయిస్తే: ట్యాంకు నుంచి కొళాయి దాకా వెతికే పద్ధతి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో చెన్నై కాసిమేడు హార్బరులో ఇంజిన్లు విప్పుతారు, అడుగుకి రంగు వేస్తారు, వలలు బాగుచేస్తారు. మంచినీళ్ల పంపు మాత్రం ఎవరికీ గుర్తుకురాదు. బయల్దేరే ముందురోజు ట్యాంకు నింపి కొళాయి తిప్పితే నీళ్లు రావు. అప్పుడు "అన్నా, పంపు పోయింది, కొత్తది కావాలి" అని నెల్లూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన కలాసీ అబ్బాయి పరుగున వస్తాడు. కొత్త పంపు బిగిస్తారు. నాలుగు రోజులు కాకముందే సముద్రం మధ్యలో మళ్లీ అదే గొడవ మొదలవుతుంది.

పక్కన పడేసిన ఆ పాత పంపుల్లో చాలావాటిని బల్లమీద పెట్టి బ్యాటరీ ఇస్తే శుభ్రంగా తిరుగుతాయి. లోపం వాటికి కరెంటు తెచ్చే వైర్లలోనో, నీళ్లు తెచ్చే గొట్టంలోనో ఉంటుంది. కాబట్టి పంపు పోయిందని రుజువు కానంతవరకు దాన్ని విప్పొద్దు, కొత్తది కొనొద్దు. ఆ రుజువు ఎలా సంపాదించాలో ఇక్కడ చెబుతున్నాను. పది రోజుల ట్రిప్పులో ఏడెనిమిది మంది వంటకీ ఒళ్లు కడుక్కోవడానికీ ఆధారపడేది ఆ ఒక్క ట్యాంకు మీదే. అందుకే ఇది ఇంజిన్ పనంత శ్రద్ధగా చేయాల్సిన పని అని నా నమ్మకం.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇంజిన్‌ని చల్లబరచడానికి కూలెంటును తిప్పే పంపు వేరు. ఇక్కడ మాట్లాడేది వంటగదికి, స్నానానికి నీళ్లిచ్చే 12 లేదా 24 ఓల్టుల చిన్న డయాఫ్రమ్ పంపు గురించి. కాసిమేడు ట్రాలర్లయినా, ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో తిరిగే పడవలయినా, ఈ పంపు ఉన్నచోటల్లా ఈ పద్ధతే పనికొస్తుంది.

పంపు ఎలా పనిచేస్తుంది

ట్యాంకు నుంచి ఒక గొట్టం జల్లెడ ఫిల్టరుకి, అక్కడి నుంచి పంపుకి వస్తుంది. ఇది సక్షన్ వైపు. పంపు నుంచి కొళాయిల దాకా వెళ్లేది డెలివరీ వైపు. పంపు లోపల డయాఫ్రమ్ అనే రబ్బరు పొర పైకీ కిందికీ ఊగుతూ నీళ్లు లాగి ముందుకు తోస్తుంది. నీళ్లు వెనక్కి పోకుండా చిన్న రబ్బరు వాల్వులు ఆపుతాయి. పంపు తల మీద ఒక ప్రెషర్ స్విచ్ ఉంటుంది. కొళాయిలన్నీ మూసి ఉంటే డెలివరీ గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. చాలా పంపుల్లో అది సుమారు 40 పి.ఎస్.ఐ. (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దగ్గరికి రాగానే స్విచ్ మోటారుని ఆపేస్తుంది. కొళాయి తిప్పితే ఒత్తిడి పడిపోతుంది, సుమారు 25 దగ్గర మోటారు మళ్లీ మొదలవుతుంది. మీ పంపు అంకెలు దాని మీది లేబుల్‌పై ఉంటాయి. ఫోన్‌తో ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి. ఏడాది గడిస్తే ఉప్పుగాలికి ఆ లేబుల్ చదవడానికి ఉండదు.

పంపు తనంతట తాను ఆగిందంటే ముందు ఒత్తిడి పెరిగినట్టు, తనంతట తాను మొదలైందంటే ఎక్కడో ఒత్తిడి పడిపోయినట్టు. కింద చెప్పే పరీక్షలన్నిటికీ ఆధారం ఈ రెండు విషయాలే.

చేతిలో ఉండాల్సినవి

ఓల్టేజి కొలిచే మల్టీమీటర్ ఒకటి కావాలి. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో మామూలు రకం దొరుకుతుంది, ఈ పనికి అది చాలు. ఒక బకెట్టు, పంపు ఇన్లెట్‌కి సరిపోయే మీటరు పొడవు పారదర్శక గొట్టం, కొన్ని స్టెయిన్‌లెస్ హోస్ క్లిప్పులు, టిష్యూ పేపరు, టార్చి, స్క్రూడ్రైవర్లు, టైరు గాలి కొలిచే గేజి, సైకిల్ పంపు పెట్టుకోండి. హార్డువేరు సామాను కోసం ప్యారిస్ కార్నర్ పక్కన సెంబుదాస్ వీధి వైపు వెళితే గొట్టాలు, ఫిట్టింగులు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. క్లిప్పులు కొనేటప్పుడు అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి. స్క్రూ గట్టిగా అంటుకుంటే అది మామూలు ఇనుముకి పూత వేసిన సరుకు కావచ్చు. పట్టీ స్టెయిన్‌లెస్ అయినా స్క్రూ తుప్పు పడితే క్లిప్పు మొత్తం పనికిరాదు.

పని మొదలుపెట్టేముందు ఒడ్డు నుంచి వచ్చే 230 ఓల్టుల ప్లగ్గు, బ్యాటరీ ఛార్జరు తీసేయండి. వైర్లు ముట్టుకునేటప్పుడు పంపు స్విచ్ ఆపి ఫ్యూజు తీసేయాలి. డీజిల్ వాసన, బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ ఉన్న ఇంజిన్ గదిలో నిప్పురవ్వలు రానివ్వకూడదు.

ముందు చెవి పెట్టి వినండి

స్విచ్ వేసి, ఒక కొళాయి తిప్పి, పంపు పక్కన కూర్చోండి. శబ్దాన్ని బట్టి సగం పని అయిపోతుంది.

ఏ శబ్దమూ రాకపోతే కరెంటు వైపు వెళ్లండి. మోటారు తిరుగుతోంది కానీ నీళ్లు రావడం లేదంటే, లేదా గాలితో కలిసి చిమ్ముతున్నాయంటే సక్షన్ వైపు వెళ్లండి. కొళాయిలన్నీ మూసి ఉన్నా మధ్యమధ్యలో ఒక్కసారి "బుర్ర్" మని తిరిగి ఆగుతుంటే ఒత్తిడి ఎక్కడో జారిపోతోంది, డెలివరీ వైపు చూడాలి. అసలు ఆగకుండా తిరుగుతూనే ఉంటే కారణాలు చాలా ఉన్నాయి. ట్యాంకు ఖాళీ కావచ్చు, గొట్టం ఊడి నీళ్లు బిల్జ్‌లోకి (బోటు అడుగున నీళ్లు చేరే చోటు) పోతుండవచ్చు, ఓల్టేజి తక్కువై పంపు ఆగే ఒత్తిడిని చేరలేకపోవచ్చు. అప్పుడు ముందుగా స్విచ్ ఆపి బిల్జ్ చూడండి. నీళ్లు పెరుగుతుంటే వేలితో ముంచి నాలుక మీద పెట్టుకోండి (డీజిల్ తెట్టు లేనిచోట మాత్రమే). ఉప్పగా లేకపోతే అవి మీ ట్యాంకు నీళ్లే.

కరెంటు వైపు: అసలు మోసం ఇక్కడే

చాలామంది టెస్ట్ ల్యాంపు పెట్టి, అది వెలిగితే "కరెంటు వస్తోంది, పంపే పోయింది" అంటారు. ఈ పరీక్ష చాలదు. తుప్పు పట్టిన వైరు చిన్న బల్బుకి సరిపడా కరెంటు ఇస్తుంది, ఆరేడు ఆంపియర్లు అడిగే మోటారుకి ఇవ్వలేదు. మల్టీమీటర్ కూడా పంపు తిరగనప్పుడు 12.6 చూపిస్తుంది. తిరగబోయే క్షణంలో అదే అంకె 9కి పడిపోవచ్చు. అందుకే ఓల్టేజి ఎప్పుడూ కొళాయి తెరిచి, పంపుకి లోడు ఉన్నప్పుడే కొలవాలి.

ఈ వరసలో చేయండి.

1. బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర కొలవండి. ఛార్జింగు లేకుండా కాసేపు వదిలేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.0 దగ్గరుంటే బాగా దిగిపోయినట్టు. 24 ఓల్టుల బోటయితే ఈ అంకెలు రెట్టింపు.

2. కొళాయి తెరిచి, పంపు వైర్ల దగ్గరే మళ్లీ కొలవండి. బ్యాటరీ దగ్గర అదే సమయంలో కనిపించిన దానికంటే అర ఓల్టు తక్కువుంటే పెద్ద ఇబ్బంది లేదు. ఒకటిన్నర ఓల్టు తక్కువుంటే దారిలో ఎక్కడో కరెంటు పోతోంది.

3. ఎక్కడ పోతోందో కనుక్కోవడానికి, పంపు తిరుగుతుండగా మీటరు ఒక కొన బ్యాటరీ పాజిటివ్ మీద, రెండో కొన పంపు పాజిటివ్ మీద పెట్టండి. కనబడే అంకే పాజిటివ్ వైరులో పోయిన ఓల్టేజి. నెగెటివ్ వైపూ అలాగే చేయండి. తర్వాత రెండో కొనను ఫ్యూజు దాకా, స్విచ్ దాకా, జాయింటు దాకా ఒక్కో మెట్టు జరపండి. అంకె ఒక్కసారిగా ఎక్కడ పెరిగిందో దోషి అక్కడే ఉంటుంది.

ఎక్కువ సందర్భాల్లో అది నెగెటివ్ వైపే బయటపడుతుంది. ఎర్రవైరుని అందరూ చూస్తారు, నల్లవైరు ఎక్కడో బిల్జ్ మీద చిలుము పట్టి పచ్చగా మారి ఉంటుంది. ఆ చివరను కత్తిరించి చూడండి. లోపలి రాగి తీగలు నల్లబడి ఉంటే మెరిసే రాగి కనబడేదాకా వెనక్కి కత్తిరించండి. అర మీటరు కత్తిరించినా నలుపే ఉంటే ఆ వైరు మొత్తం మార్చాల్సిందే. బోటు పనికి తగరం పూత ఉన్న టిన్డ్ కాపర్ వైరు కొనండి. ఇళ్లకు వాడే వైరు ఉప్పుగాలిలో ఎక్కువ కాలం నిలవదు. చివరలకు లగ్గు (లోహపు కొస) వేసి గట్టిగా క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, మీద వేడికి ముడుచుకుని అతుక్కునే హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. వైర్లను చేత్తో మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుడితే అది లోపల తేమను పట్టి ఉంచుతుంది, అంతకుమించి ఏమీ చేయదు.

వైరు మందం కూడా చూసుకోవాలి. బ్యాటరీ నుంచి పంపుకి ఆరు మీటర్లయితే వెళ్లడం, రావడం కలిపి పన్నెండు మీటర్లు. 7 ఆంపియర్లు లాగే పంపుకి 1.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు వేస్తే ఆ దారిలోనే దాదాపు ఒక ఓల్టు పోతుంది. 4 స్క్వేర్ ఎం.ఎం. వేస్తే 0.4 లోపే. ఓల్టేజి తక్కువైతే మోటారు వేడెక్కుతుంది, బ్రష్‌లు త్వరగా అరుగుతాయి, ఒత్తిడి 40కి చేరక పంపు ఆగదు. ఈ మూడూ పంపు చెడిపోయినట్టే కనిపిస్తాయి.

4. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్ద ఫ్యూజు పెట్టొద్దు. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి. దాని స్థానంలో తీగ ముక్క చుట్టి పెట్టిన బోట్లు చూశాను. చెక్క బోటులో అది అగ్గిని పిలిచినట్టే. ఫ్యూజు పోతోందంటే మోటారు బిగుసుకుపోయి ఉండాలి, లేదా ఎక్కడో వైరు చెదిరి తగులుతుండాలి. కొత్త ఫ్యూజు పెట్టేముందు ఆ కారణం తేలాలి.

5. పంపు వైర్ల దగ్గర ఓల్టేజి సరిగ్గా ఉంది, అయినా మోటారు కదలడం లేదు. అప్పుడు ప్రెషర్ స్విచ్‌ని దాటవేసి చూడాలి. స్విచ్‌కి వెళ్లే రెండు వైర్లను పీకి, వాటిని ఒకదానికొకటి కలపండి. మోటారు తిరిగితే పోయింది స్విచ్ మాత్రమే, పంపు బాగానే ఉంది. చాలా పంపులకి ఆ స్విచ్ విడిగా దొరుకుతుంది. కొన్నిసార్లు దాని టెర్మినళ్ల మీది చిలుము గీకితే చాలు. ఇలా వైర్లు కలిపి పరీక్షించేటప్పుడు కొళాయి తెరిచే ఉంచండి, పరీక్ష కాగానే విడదీయండి. స్విచ్ లేకపోతే పంపుని ఆపేవాళ్లు ఉండరు, గొట్టం పగిలేదాకా ఒత్తిడి పెంచుతుంది.

6. వైర్లు కలిపినా కదలకపోతే, మోటారు ముట్టుకుంటే చేయి కాలేలా ఉందా చూడండి. చాలా మోటార్లలో వేడెక్కితే ఆపేసే రక్షణ ఉంటుంది. అరగంట చల్లారనిచ్చి మళ్లీ చూడండి. మే నెలలో మూసి ఉన్న ఇంజిన్ గదిలో ఇది మామూలే. చల్లారాక కూడా చలనం లేకపోతే మోటారు పోయిందని ఇప్పుడు ధైర్యంగా చెప్పవచ్చు.

24 ఓల్టుల బోట్ల గురించి ఇంకొక విషయం. 12 ఓల్టుల పంపు చవగ్గా దొరికిందని, వరసలో ఉన్న రెండు బ్యాటరీల్లో ఒక్కదాని నుంచే కరెంటు తీసుకుంటారు. ఆ ఒక్క బ్యాటరీ ఎప్పుడూ తక్కువ ఛార్జితో, రెండోది ఎక్కువ ఛార్జితో ఉండి రెండూ ముందుగానే చనిపోతాయి. 24 ఓల్టుల పంపే కొనండి, లేదా 24ని 12గా మార్చే కన్వర్టరు పెట్టండి. పంపు మీద మిగిల్చిన డబ్బుకి ఎన్నో రెట్లు బ్యాటరీల మీద పోతుంది.

సక్షన్ వైపు: కంటికి కనపడని లీకు

డెలివరీ గొట్టంలో చిల్లు పడితే నీళ్లు కారతాయి, అందరికీ కనబడుతుంది. సక్షన్ గొట్టంలో చిల్లు పడితే చుక్క కూడా బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. చిల్లు ఉన్న స్ట్రాతో కొబ్బరిబోండం తాగబోతే ఏమవుతుందో పంపుకీ అదే అవుతుంది. మోటారు హాయిగా తిరుగుతుంది, నీళ్లు మాత్రం రావు.

ముందు సులభమైనవి చూడండి. ట్యాంకులో నీళ్లు ఉన్నాయా? గేజిని నమ్మకుండా మూత తీసి చూడండి. ట్యాంకు వాల్వు తెరిచి ఉందా? మూత తీయగానే పంపు మామూలుగా పనిచేయడం మొదలైతే ట్యాంకు గాలి గొట్టం మూసుకుపోయినట్టు. ఉప్పు గడ్డకట్టో, పురుగు గూడు కట్టో అలా అవుతుంది. తీగతో శుభ్రం చేసి, కొనకు సన్నటి స్టీలు మెష్ కట్టండి.

తర్వాత జల్లెడ ఫిల్టరు. దీన్ని విప్పి కడగడానికి రెండు నిమిషాలు కూడా పట్టవు. కడిగాక దాని ఓ-రింగు (గుండ్రటి రబ్బరు వాషరు) తన గాడిలో సరిగ్గా కూర్చుందా, పారదర్శక గిన్నెకి సన్నటి పగులు ఉందా చూడండి. ఫిల్టరు శుభ్రం చేసిన మర్నాడే పంపు ఆగిపోయిందని ఎవరైనా చెబితే నేను ముందు ఆ ఓ-రింగే చూస్తాను.

ఇవేవీ కాకపోతే బకెట్టు పరీక్ష. ఈ మార్గదర్శిలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకోండి. పంపు ఇన్లెట్ నుంచి పాత గొట్టం పీకి, మీ పారదర్శక గొట్టం బిగించి, రెండో కొనను బకెట్టు నీళ్లలో ముంచండి. బకెట్టుని పంపు పక్కనే పెట్టండి. కొళాయి తెరిచి స్విచ్ వేయండి. కాసేపటికి నీళ్లు బాగా వస్తే పంపు నిర్దోషి, లోపం ట్యాంకుకీ పంపుకీ మధ్య ఉంది. బకెట్టు నుంచి కూడా లాగలేకపోతే, కొళాయి తెరిచే ఉందని నిర్ధారించుకున్నాక, పంపు తల విప్పాల్సిన సమయం వచ్చింది.

లోపం మధ్యలోనే ఉందని తేలితే, పారదర్శక గొట్టాన్ని ఫిల్టరుకీ పంపుకీ మధ్య పెట్టి పంపు నడపండి. బుడగలు కనబడితే గాలి ఫిల్టరులోనో దాని కంటే ముందో చొరబడుతోంది. ఒక్కో జాయింటుకీ తడిబట్ట గట్టిగా చుట్టి చూడండి. ఏ జాయింటుకి చుట్టినప్పుడు బుడగలు ఆగాయో అదే. ఇక్కడ సబ్బునీళ్లు వాడొద్దు, గొట్టం వాటిని తాగే నీళ్లలోకి లాగేస్తుంది. క్లిప్పు బిగించే ముందు గొట్టం కొసను చూడండి. గట్టిపడి, నెర్రెలు విచ్చి ఉంటే రెండు అంగుళాలు కోసి మళ్లీ తొడగండి. బుడగలు లేకపోయినా నీళ్లు సన్నగా వస్తుంటే పంపు నడిచేటప్పుడు గొట్టాన్ని చూడండి. లాగుడుకి అది చదునుగా అణిగిపోతుంటే, లోపల దారంగానీ తీగగానీ లేని గొట్టం వేశారన్నమాట. సక్షన్‌కి రీన్‌ఫోర్స్‌డ్ గొట్టమే వేయాలి, తాగునీటికి పనికొచ్చే రకం చూసి మరీ.

తలనొప్పి తెప్పించే లోపం ఇంకొకటి ఉంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పంపు బాగా పనిచేస్తుంది, సగానికి రాగానే గాలి లాగుతుంది. ట్యాంకులోకి దిగే గొట్టం మధ్యలో ఎక్కడో పగిలింది. నీళ్లు ఆ పగులు పైన ఉన్నంతసేపు ఏమీ తెలియదు. హార్బరులో నిండు ట్యాంకుతో పరీక్షించి "బాగుంది" అనుకుని బయల్దేరతారు, నాలుగోరోజు బండారం బయటపడుతుంది. దీన్ని పట్టుకోవాలంటే ట్యాంకు సగం చేసి పరీక్షించడం ఒక్కటే దారి. అడుగున కొద్ది నీళ్లున్నప్పుడు బోటు ఊగుడికి గాలి లాగడం మాత్రం సహజం, దానికోసం వెతకొద్దు.

డెలివరీ వైపు

రాత్రి అందరూ పడుకున్నాక పంపు ఉండుండి "బుర్ర్" మంటుంటే ఎక్కడో నీళ్లు జారిపోతున్నాయి. పంపు బయటికి వచ్చే గొట్టానికి ఒక వాల్వు ఉంటే దాన్ని మూసి వినండి. వాల్వు మూసినా పంపు అలాగే మొదలవుతుంటే, నీళ్లు పంపు లోపలి రబ్బరు వాల్వు గుండా ట్యాంకులోకే వెనక్కి పోతున్నాయి, అంటే లోపం పంపు తలలో ఉంది. శబ్దం ఆగిపోతే లీకు వాల్వు తర్వాత ఉంది. అలాంటి వాల్వు లేకపోతే ఈ సందర్భంగానే ఒకటి పెట్టించండి.

లీకు వెతకడానికి పంపుని ఒత్తిడికి తెచ్చి స్విచ్ ఆపండి. ప్రతి జాయింటు కింద టిష్యూ ముక్క పెట్టి కాసేపు ఆగి చూడండి. వేలికి తెలియని తడి టిష్యూ మీద మచ్చగా కనబడుతుంది. టాయిలెట్ ఫ్లష్ వాల్వు, డెక్కు మీది షవరు, గీజరు ఉన్న బోటయితే దాని సేఫ్టీ వాల్వు గొట్టం మర్చిపోవద్దు.

కొళాయిలో ధార సన్నబడి, పంపు మాత్రం ఆగి ఆగి తిరుగుతుంటే ముందు కొళాయి మూతి జాలీ విప్పండి. ఉత్తర చెన్నై బోరునీళ్లు నింపితే తెల్లటి సున్నపు పొర పేరుకుంటుంది. రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే పోతుంది.

కొంచెం తిప్పిన కొళాయికే పంపు టకటకమని కొట్టుకుంటుంటే, అక్యుములేటర్ అనే చిన్న ఒత్తిడి ట్యాంకులో గాలి తగ్గింది. పంపు ఆపి, కొళాయి తెరిచి ఒత్తిడి మొత్తం వదిలేయండి. తర్వాత దాని టైరు వాల్వు దగ్గర గేజి పెట్టండి. పంపు మొదలయ్యే ఒత్తిడి కంటే రెండు మూడు పి.ఎస్.ఐ. తక్కువగా ఉండేలా సైకిల్ పంపుతో గాలి కొట్టండి. ఆ వాల్వు నుంచి నీళ్లు వస్తే లోపలి రబ్బరు చిరిగింది, మార్చాల్సిందే.

ప్రెషర్ స్విచ్ మీది సర్దుబాటు స్క్రూని ఇవన్నీ అయ్యాకే ముట్టుకోండి, అదీ పావు తిప్పు చొప్పున. వేరే లోపాన్ని ఆ స్క్రూతో కప్పిపుచ్చితే తర్వాత అసలు లోపం ఎవరికీ దొరకదు.

పంపు తల విప్పేటప్పుడు

కరెంటు తీసి, ట్యాంకు వాల్వు మూసి, కింద బట్ట పరవండి. ఒక్కో పొర విప్పే ముందు ఫోటో తీయండి. ఏ వాల్వు ఎటు చూస్తోందో రెండు గంటల తర్వాత గుర్తుండదు. ఏది మార్చాలో, డయాఫ్రమ్ చిరిగిందేమో, వాల్వు కింద ఏదైనా ఇరుక్కుందేమో చూశాకే తేలుతుంది. కొత్త ప్లాస్టిక్ ట్యాంకుకి రంధ్రాలు వేసినప్పుడు రాలిన పొట్టు లోపలే ఉండిపోయి, మొదటి ట్రిప్పులోనే వాల్వు కింద చేరుతుంది. అలాంటప్పుడు కడిగి మళ్లీ బిగిస్తే చాలు, ఏమీ కొనక్కర్లేదు. రబ్బరు గట్టిపడితే ఆ మోడల్ సర్వీస్ కిట్ (మార్చే రబ్బరు భాగాల సెట్టు) వేయండి. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించండి.

కొత్త పంపే అవసరమైతే రెండు జాగ్రత్తలు. నిలువుగా బిగిస్తే పంపు తల కిందికి, మోటారు పైకి ఉండాలి. అప్పుడు లీకు వచ్చినా నీళ్లు మోటారులోకి పోవు. రెండోది, పంపు నోళ్లకి గట్టి పి.వి.సి. పైపు నేరుగా కలపొద్దు. రెండు వైపులా అర మీటరు మెత్తటి గొట్టం ఉంటే అదురు పైపులకి పోదు, శబ్దం తగ్గుతుంది, జాయింట్లు వదులవవు. ఓ-రింగు ఉన్న ఫిట్టింగులకి టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. తెగిన ముక్కలు వాల్వుల్లో చేరతాయి.

పంపు బాగయింది, నీళ్ల సంగతి?

సక్షన్ వైపు విప్పామంటే ఆ గొట్టాల్లోకి మన చేతులు, బిల్జ్ మురికి చేరినట్టే. కాబట్టి ట్యాంకు, గొట్టాలు క్లోరినేట్ చేయకుండా పని పూర్తయిందనొద్దు. సువాసన, సబ్బు కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్ తీసుకోండి. 100 లీటర్ల ట్యాంకుకి 100 మిల్లీలీటర్లు. సీసా మీద 10 శాతం అని ఉంటే సగం చాలు. ముందు బకెట్టు నీళ్లలో కలిపి సగం నిండిన ట్యాంకులో పోసి, మిగతా సగం నింపండి. ప్రతి కొళాయినీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తెరిచి మూయండి. నాలుగు గంటలు వదిలేసి మొత్తం పారబోసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి. సీసా పాతదైతే ఎండకి దాని బలం తగ్గిపోయి ఉంటుంది, కొత్తది కొనండి. కొళాయి జాలీ నానబెట్టిన వెనిగర్‌ని దీనికి దగ్గరికి కూడా రానివ్వొద్దు. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది, మూసిన వంటగదిలో ప్రాణాపాయం.

నీళ్లు ఉప్పగా అనిపిస్తే టి.డి.ఎస్. (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరుతో కొలవండి. తాగునీటికి మన భారతీయ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకనిచోట 2000 దాకా అనుమతిస్తుంది. సముద్రపు నీళ్లలో దాదాపు 35,000 ఉంటాయి. అంటే వంద లీటర్ల ట్యాంకులోకి ఒక్క లీటరు సముద్రపు నీళ్లు చొరబడినా 350 పెరుగుతుంది. నింపిన రోజు అంకె రాసి పెట్టుకుని, రెండోరోజు మళ్లీ చూడండి. పెరిగితే డెక్కు మీది నింపే మూత వాషరు మార్చండి. అలలు కొట్టినప్పుడల్లా నీళ్లు దిగేది చాలావరకు అక్కడి నుంచే.

బయల్దేరే ముందు

పెట్టెలో ఒక సర్వీస్ కిట్, ప్రెషర్ స్విచ్, సరిపడా ఫ్యూజులు, హోస్ క్లిప్పులు, ఓ-రింగులు, రెండు మీటర్ల రీన్‌ఫోర్స్‌డ్ గొట్టం పెట్టుకోండి. ట్యాంకు అడుగున చేత్తో తిప్పే చిన్న కొళాయి ఒకటి బిగించండి, లేదా చేతి పంపు ఉంచండి. కరెంటు పూర్తిగా పోయినా నీళ్లు తీసుకోగలగాలి. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు వేరుగా, కట్టి ఉంచండి.

ముందురోజు సాయంత్రం ఇంకొక పరీక్ష మిగులుతుంది. ట్యాంకుని సగం నీళ్లతో ఉంచి, పంపుని ఒత్తిడికి తెచ్చి, స్విచ్ ఆపి, రాత్రంతా ఎవరూ కొళాయి తిప్పకుండా చూడండి. తెల్లవారి స్విచ్ వేసినప్పుడు పంపు కదలకపోయినా, క్షణం తిరిగి ఆగినా వ్యవస్థ గట్టిగా ఉంది. పదేపది సెకన్లయినా ఆగకుండా తిరిగితే మళ్లీ టిష్యూ ముక్కలు తీసి జాయింట్ల కింద పెట్టండి. ఆ తర్వాతే ట్యాంకు నింపండి.